పదమూడో గిన్నె

గంగరాజుకి ఒక తిక్క ఉండేది. కుమ్మరి సారె ముందు కూర్చుని పని మొదలుపెట్టాడంటే, ఆ విడత గిన్నెల మీద ఆఖరి అక్షరం పడేదాకా చేతులు కడుక్కునేవాడు కాదు. సారె తిప్పి గిన్నెలు చెయ్యడం ఆయన పని. వాటి మీద అక్షరాలు చెక్కడం ఆయన భార్య వీరదుర్గ పని. ఆయన పని పొద్దున్న తొమ్మిదికల్లా అయిపోయేది. ఆమె మొదలుపెట్టాలంటే మాత్రం మట్టి కాస్త బిగుసుకోవాలి, మధ్యాహ్నం దాటాలి. మధ్యలో ఆ నాలుగైదు గంటలూ మహానుభావుడు అరుగు మీద కూర్చుని, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, మట్టి చేతులు గాల్లో వేలాడేసుకుని ఉండేవాడు. ఈగ వాలితే భుజంతో తోలుకునేవాడు. ఫోను మోగితే దుర్గ వచ్చి చెవి దగ్గర పెట్టాలి. టీ తాగాలంటే దుర్గే గ్లాసు పట్టుకుని నోటికి అందించాలి.

"యాభై ఆరేళ్ళొచ్చినా పెళ్ళాం చేత టీ తాగించుకుంటున్నాడు మా తమ్ముడు. రేపు ముద్దలు కూడా కలిపి పెట్టమంటాడు," అనేది ఎదురింటి చిట్టెమ్మ. గంగరాజు అక్క ఆవిడ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఈ టీ సంగతి వెదుళ్ళలంక కుమ్మరి వీధి మొత్తానికీ తెలుసు.

గంగరాజు ఏమీ అనుకునేవాడు కాదు. "నాకు అక్షరం రాదు కదక్కా. రాసే మనిషి ఎదురుగా మట్టి చేతులతో కూచుంటే, అందులో సగం నేను రాసినట్టే," అనేవాడు. ఇదేం లెక్కో ఆ దేవుడికే తెలియాలి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. దుర్గకి మాత్రం ఆ లెక్క నచ్చేది.

ఆమె పుట్టిల్లు పెద్దాపురం. అక్కడ ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది, దస్తూరీ బాగుంటుందని మాస్టారు బోర్డు మీద సూక్తులు ఆమె చేతే రాయించేవారు. పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చిన నల్ల గొడుగు చినిగిపోయాక దాని ఊచ ఒకటి విరిచి, బండ మీద సానబెట్టుకుంది. ఇరవై ఏళ్ళుగా అదే ఆమె కలం. ఊరూరా స్టీలు గిన్నెలూ ఫ్రిజ్జులూ వచ్చి కుండ అడిగేవాడు లేక సారె మూలన పడిన రోజుల్లో, ఊసుపోక ఒక పెరుగు గిన్నె మీద చుట్టూ "చల్లగా ఉండండి" అని చెక్కింది. దాన్ని ఎవరో ఫొటో తీసి నలుగురికీ చూపించారు. అక్కడ్నించి ఫోన్లు. పేర్లు చెక్కమనేవాళ్ళు, దీవెనలు చెక్కమనేవాళ్ళు. ఇంగ్లీషు అక్షరాలు కావాలనేవాళ్ళకి ముందే చెప్పేసేది: "మట్టికి మూలలంటే పడదండి. మూల ఉన్నచోట బీట తీస్తాది. మన అక్షరమైతే గుండ్రంగా ఉంటాది కదండీ, మట్టి ఊరుకుంటాది."

పెనుగొండ నుంచి మీనాకుమారి ఫోన్ చేసింది దసరా వెళ్ళిన వారానికి. బట్టల దుకాణం వాళ్ళు. కూతురు శ్రీదివ్య కాకినాడలో ఇల్లు కట్టుకుంది, మాఘమాసంలో గృహప్రవేశం. పన్నెండు గిన్నెలు కావాలి, గిన్నెకొక నెల పేరు, చైత్రం నుంచి ఫాల్గుణం దాకా. ఏడాది పొడుగునా కూతురింట్లో పెరుగు తోడుకోవాలని ఆవిడ కోరిక.

మర్నాడు పొద్దున గంగరాజు పదమూడు చేశాడు. ఎప్పుడూ అంతే, ఎన్ని అడిగితే అంతకి ఒకటి ఎక్కువ. కుండలు కాల్చే ఆవం ఏదో ఒకదాన్ని పగలగొడుతుంది, దాని వాటా దానికి ముందే ఇచ్చెయ్యాలని వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి.

"నెలలు పన్నెండేగా, పదమూడోదేంటండీ?" అని ఆటపట్టించింది దుర్గ.

"అధికమాసం," అన్నాడు గంగరాజు, ఆఖరి గిన్నెని దారంతో కోసి పలక మీద పెడుతూ.

తరవాత అరుగు మీదికెళ్ళి గోడకి ఆనుకుని, చేతులు వేలాడేసుకుని కూర్చున్నాడు. కాలువ మీద నుంచి గాలి వస్తోంది. ఒంటిగంట దాటాక, "ఆరాయేమో చూడు దుర్గా," అన్నాడు. దుర్గ లోపలికెళ్ళి ఒక గిన్నెని గోటితో నొక్కి చూసింది. "ఇంకా లేదండీ. ఓ అరగంట," అని, ఎలాగూ ఆగాలి కదా అని టీ పెట్టుకుని వచ్చింది. ఆయన తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుని ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని గ్లాసు పెదాల దగ్గర పెట్టింది. టీ గెడ్డం మీదుగా కారి చొక్కా మీద పడింది.

అలా వెళ్ళిపోయాడు గంగరాజు. మట్టి చేతులతో.

ఆ చేతులు కడిగింది దుర్గే. చిట్టెమ్మ చెంబుతో నీళ్ళు పోస్తూ ఉంటే, ఒక్కొక్క వేలే పట్టుకుని రుద్దింది. నీళ్ళు గోధుమరంగుగా పోయాయి. గోళ్ళ కింది మట్టి ఎంతకీ రాలేదు. "చాల్లేవే తల్లీ," అంది చిట్టెమ్మ ఏడుస్తూ.

ఆ వీధిలో ఒక కట్టుబాటుంది. ఇంట్లో మనిషి పోతే పెద్దకర్మ అయ్యేదాకా సారె తిరగదు, ఆవం వెలగదు, పచ్చిమట్టి ముట్టుకోరు. మట్టి మాత్రం మైల పట్టదు కదా, దానిపాటికది ఆరుతూనే ఉంటుంది. పూర్తిగా ఆరిపోయిందా, ఇక దాని మీద అక్షరం దిగదు, ఊచ జారిపోతుంది. అందుకని రెండోరోజు దుర్గ ఆయన పాత పంచె ఒకటి తడిపి పదమూడు గిన్నెల మీదా కప్పింది. దాని మీద గోనెపట్టా, ఆ పైన ప్లాస్టిక్ కాగితం. "గుడ్డ తడిపితే మట్టి ముట్టుకున్నట్టు కాదులే," అని చిట్టెమ్మ కూడా ఒప్పుకుంది. అంతవరకూ అది పనికోసం చేసిన పనే. తప్పు పట్టడానికేమీ లేదు.

పన్నెండో రోజు చుట్టాలందరూ వెళ్ళిపోయాక, దుర్గ గొడుగు ఊచ చేతబట్టుకుని వెనక గదిలో కూర్చుంది. పంచె తీసింది. గిన్నెల్లోకి చూసింది. అడుగున బొటనవేలు ఆనిన చోట చిన్న గుంట, అక్కణ్ణించి అంచు దాకా చుట్లు చుట్లుగా ఎక్కిన ఒకటే గీత. సారె తిరుగుతుంటే గంగరాజు వేళ్ళు లోపలివైపు వదిలిన గీత. ఇరవై ఏళ్ళుగా ఇన్ని వందల గిన్నెల మీద చెక్కింది కానీ, పైన రాయడమే తప్ప లోపలికి ఎప్పుడు చూసిందని? పంచె మళ్ళీ కప్పేసింది. రేపు చెక్కుదాంలే అనుకుంది.

రేపటికి రూపు లేదు. రేపు, ఎల్లుండి అంటుండగానే కార్తీకం వచ్చేసింది. తెల్లవారితే గోదారి మీద మంచు, ఎనిమిదైనా అవతలి ఒడ్డు కనపడదు. వీధిలో అందరూ ప్రమిదల పనిలో పడ్డారు. ప్రతి అరుగు మీదా ప్రమిదలు బారులు తీరి ఎండుతున్నాయి. దుర్గ ఇంటి అరుగు మాత్రం ఊడ్చిపెట్టినట్టు ఉంది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, గిన్నెల మీద పంచె తడిపి, పక్కనే చాప వేసుకుని నడుం వాల్చింది. తడిమట్టి వాసన, చల్లదనం. కళ్ళు మూతలు పడ్డాయో లేదో, తలుపు అవతల ఆయన గొంతు.

"తలుపు తియ్యి దుర్గా. చేతులకి మట్టి."

ఆమె లేచి తీసింది. గంగరాజు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, అదే చొక్కా, చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని. ఆయన వెనకాల వీధి లేదు, మంచు. ఆ మంచులో ఎక్కడో సారె తిరుగుతున్న చప్పుడు. ఆయన లోపలికి రాలేదు. అక్కడే నిలబడి, ఊక బస్తాలు ముందే చెప్పి ఉంచమన్నాడు, వర్షం పడితే దొరకవన్నాడు. పెరట్లో కొబ్బరిచెట్టుకి ఎలుకలు పట్టాయన్నాడు. చచ్చిపోయిన మనిషి పనిగట్టుకుని వచ్చి చెప్పే మాటలేనా అవి? కానీ దుర్గకి ఎంత సంతోషమనిపించిందంటే, మెలకువ వచ్చాక కూడా కాసేపు నవ్వుతూనే పడుకుంది. కొబ్బరిచెట్టు చూస్తే నిజంగానే రెండు బొండాలకి కన్నాలు పడి ఉన్నాయి. అవి ఎప్పుడూ ఉండేవే అనుకోండి.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఒకరోజు గుమ్మం దగ్గరికి గోదారే వచ్చేసింది, ఆయన మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, "ఈ ఏడు ఒండ్రు బాగా వేసింది, వేసవిలో కాలువ కట్టేశాక తవ్వుకుందాం," అన్నాడు. ఒకరోజు ఆయన వెనకాల దీపాలు తేలుతూ వెళ్ళాయి, అన్నీ వాళ్ళు చేసిన గిన్నెలే, ఒక్కొక్కదాని మీదా తను చెక్కిన పేర్లు వెలుగుతూ. దుర్గ ఆ పేర్లు చదివి వినిపించింది, ఆయన తలూపుతూ విన్నాడు.

ఒక్క మధ్యాహ్నం మాత్రం రాలేదు. ఆ రోజు ఏదో బ్యాంకు పని మీద బస్సెక్కి రాజమండ్రి వెళ్ళొచ్చి, గుడ్డ తడపడం మరిచిపోయి పడుకుంది. లేచి చూస్తే పంచె పొడిగా ఉంది. అంతే, ఆమె మనసులో ఒక మాట నాటుకుపోయింది. గిన్నెలు తడిగా ఉన్నన్నాళ్ళే ఆయన వస్తాడు. ఆరితే పని అయిపోయినట్టు. పని అయిపోతే చేతులు కడుక్కుంటాడు, వెళ్ళిపోతాడు.

అప్పట్నించి రోజుకి ఒకసారి తడిపేది రెండుసార్లయింది, మూడుసార్లయింది. గుడ్డ పిండడం కూడా మానేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి పైనుంచే ఒంపేది.

మీనాకుమారి ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే సమాధానం. "వచ్చే వారం ఇచ్చేస్తానండి."

"తొందరేం లేదండి దుర్గ గారూ. మీరు కాస్త తేరుకున్నాకే చూడండి. మాఘంలో కదా," అనేది ఆవిడ మెత్తగా. ఆ మెత్తదనానికి దుర్గకి ఇంకా సిగ్గేసేది. ఫోను పెట్టేసి మళ్ళీ చెంబు తీసుకునేది.

కార్తీకం వెళ్ళి మార్గశిరం సగమయింది. ఆ మధ్యాహ్నం గంగరాజు వచ్చేసరికి మనిషి డీలాపడి ఉన్నాడు. గుమ్మానికి భుజం ఆనించి నిలబడ్డాడు. వేళ్ళు నానిపోయి తెల్లబడ్డాయి, మట్టి మాత్రం వదల్లేదు, బొట్లు బొట్లుగా గడప మీద కారుతోంది.

"చేతులు నానిపోయాయే," అన్నాడు. "ఆకలేస్తోంది. పెరుగన్నం తినాలనుంది. కడుక్కోనా?"

దుర్గ కలలో ఏమందో తెలుసా? "వద్దు," అంది. "ఇంకా ఆరలేదండీ. ఓ అరగంట."

"సరే," అన్నాడు గంగరాజు. ఎప్పుడూ ఎదురు చెప్పే మనిషి కాదు. చేతులు అలాగే ఎడంగా పట్టుకుని, గుమ్మంలోనే నిలబడ్డాడు.

దుర్గ ఉలిక్కిపడి లేచింది. ఆకలన్న మనిషిని, అందులోనూ ఈ మనిషిని, చేతులు కడుక్కోవద్దంది తను. తన మీద తనకే అసహ్యం పుట్టింది. గబుక్కున గిన్నెల దగ్గరికి పాకి పంచె లాగేసింది.

అంచునున్న గిన్నె చతికిలబడింది. ఒకవైపు అంచు వంగి కిందికి జారిపోయింది. అడుగు చిత్తడిగా ఉంది. లోపలికి చూస్తే, నీళ్ళు నిలిచిన వైపు గీతలు లేవు. నున్నగా, అద్దంలా ఉంది. ఇంకో గిన్నెలో చూసింది. ఇందులోనూ అడుగు చుట్టు అలుక్కుపోతోంది. ఆయన్ని నిలుపుకోవాలని తను పోసిన నీళ్ళే ఆయన గీతని చెరిపేస్తున్నాయి.

"అయ్యో, నేనేనా, నేనేనా," అంటూ జారిన అంచు పట్టుకుని పైకి లేపబోయింది. తడిమట్టి లేస్తుందా? వేళ్ళు దిగబడ్డాయి. నాలుగు వేళ్ళ ముద్రలు లోపల, బొటనవేలి ముద్ర బయట. ఇంకోసారి లేపింది, ఇంకో నాలుగు.

ఆ ఏడుపు విని చిట్టెమ్మ వీధి దాటి వచ్చేసింది. గుమ్మంలో నిలబడి చూసి, నెత్తి కొట్టుకుంది. "కుమ్మరికొక ఏడు, గుదియకొక పెట్టు అంటారు. నువ్వు గుదియకర్ర ఎత్తే పని కూడా లేకుండా చెంబుడు నీళ్ళతోనే కానిచ్చేశావు కదే! పెద్దకర్మ అయి నెల దాటింది. వీటిని ఇంకా నానబెట్టడమేంటి? మినప్పప్పనుకున్నావా?"

"ఆరితే రాడు వదినా," అంది దుర్గ.

"ఎవడు?"

దుర్గ చెప్పింది. తలుపు దగ్గర నిలబడటం, ఊక బస్తాలు, ఎలుకలు, పెరుగన్నం, అన్నీ. చిట్టెమ్మ జీవితంలో మొదటిసారి మధ్యలో మాట్లాడకుండా విన్నది. విని, ఒక గిన్నెని రెండు చేతులతో ఎత్తి వెలుతురుకి పట్టుకుంది. లోపలి చుట్ల మీద ఆవిడ చూపు మెల్లిగా తిరిగింది.

"ఉండు," అని ఇంటికెళ్ళి, అరచేతి వెడల్పున్న పెంకు ఒకటి పట్టుకొచ్చింది. మసి పట్టి నల్లగా ఉంది. కొంగుతో తుడిచి దుర్గ ఒళ్ళో పెట్టింది. "మా నాన్నది. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. ఆయన చేసిన కుండ ఒక్కటీ మిగల్లేదు, అన్నీ పగిలిపోయాయి. ఈ పెంకు నేను ఉట్టి మీద పాలచట్టికి మూత పెట్టుకుంటాను. చెయ్యి పెట్టి చూడు."

దుర్గ వేలితో తడిమింది. మసి కింద గీతలు, ఒకదాని పక్కన ఒకటి, నిన్న చేసినట్టు గరుగ్గా తగిలాయి.

"కాలింది కాబట్టి ఉందే. పచ్చిగా దాచుకుంటే ఏముంటుంది? బురద." చిట్టెమ్మ ముక్కు చీదుకుంది. "అయినా వాడికి నెలన్నర నుంచి టీ లేదు, అన్నం లేదు, చేతులు కడుక్కోనివ్వవు. ఏం పెళ్ళానివే నువ్వు?"

ఇద్దరూ ఒకళ్ళని పట్టుకుని ఒకళ్ళు ఏడ్చారు. తరవాత చిట్టెమ్మే ప్లాస్టిక్ కాగితం మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ కప్పే వీలు లేకుండా.

మూడు రోజులు గిన్నెలు నీడన ఆరాయి. ఆ మూడు మధ్యాహ్నాలూ దుర్గ పడుకోలేదు. భయం. వస్తే ఏం చెప్పాలో అని భయం, రాకపోతే ఎలా అని ఇంకో భయం. నాలుగోరోజు మధ్యాహ్నం గోటితో నొక్కి చూసింది. గోరు దిగీ దిగకుండా ఆగింది. మట్టి పదునుకొచ్చింది.

టీ పెట్టి, గ్లాసు తెచ్చి అరుగు మీద ఆయన కూర్చునే చోట గోడ దగ్గర పెట్టింది. ఎదురుగా పీట వేసుకుంది. ఊచ చేతిలోకి తీసుకుంది. నెలన్నరగా పని లేని చెయ్యి. చైత్రం మొదటి గీత కాస్త లోతు ఎక్కువైంది. వైశాఖానికి చెయ్యి కుదురుకుంది. ఊచ వెంట మట్టి సన్నటి రింగులుగా లేచి ఒళ్ళో రాలుతోంది. జ్యేష్ఠం, ఆషాఢం, శ్రావణం. ఎండ అరుగు మీంచి గోడ మీదికి పాకింది. కాలువలో పడవ ఏదో వెళ్తోంది, ఆ అలల వెలుగు చూరు కింద తిరుగుతోంది. ఎదురుగా అరుగు మీద ఎవరూ లేరని ఆమెకి తెలుసు. అయినా భాద్రపదం అయ్యాక తల ఎత్తకుండానే, "సగమయ్యాయండీ," అంది.

ఆశ్వయుజం చెక్కుతుంటే చెయ్యి ఆగింది. ఆయన పోయిన నెల. కళ్ళు తుడుచుకుని ముందుకెళ్ళింది. కార్తీకం, మార్గశిరం, పుష్యం, మాఘం. మన నెలలన్నీ సున్నతోనే ముగుస్తాయని ఆ రోజే గమనించింది. ఫాల్గుణం దగ్గర ఆ సున్న పెట్టకుండా చాలాసేపు కూర్చుంది. అదొక్కటే మిగిలింది. అది పెడితే అయిపోయినట్టు. టీ మీద మీగడ కట్టింది.

ఊచని మట్టికి ఆనించి, గిన్నెనే మెల్లిగా తిప్పింది. సున్న గుండ్రంగా వచ్చింది.

దుర్గ లేచి, గోలెంలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చింది. అరుగు చివర నిలబడి, కింద మట్టి మీదికి సన్నటి ధారగా, తొందర లేకుండా, రెండు చేతులు శుభ్రంగా కడుక్కోవడానికి పట్టేంతసేపు పోసింది. గోళ్ళ కింద కూడా వదలాలి కదా.

"కడుక్కోండి," అంది.

వారం రోజులు ఎండాక గిన్నెలు ఆవంలోకి వెళ్ళాయి. వంకరదాని సంగతేంటని చిట్టెమ్మ అడిగింది. పిసికేసి మళ్ళీ మట్టిలో కలిపెయ్యొచ్చు, కుమ్మరింట్లో అదే మామూలు. "అది కూడా పెట్టు వదినా," అంది దుర్గ. "ఆవం వాటా." పన్నెండూ సర్ది, చివర ఆ పదమూడోది పెట్టారు. పిడకలు, కొబ్బరిడొక్కలు, ఊక, పైన కప్పడానికి పాత కుండపెంకులు. నిప్పు పెట్టాక దుర్గ అక్కడ్నించి కదల్లేదు. అంత నానిన మట్టి, లోపల ఎక్కడ చెమ్మ మిగిలి ఉన్నా పేలిపోతుంది. సాయంత్రమవుతుండగా లోపల ఠప్పుమని ఒక చప్పుడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తరవాత ఏమీ వినపడలేదు. పొగ తిన్నగా లేచి కొబ్బరాకుల్లో కలిసింది.

చల్లారడానికి రెండు రోజులు. బూడిద తోసి ఒక్కొక్కటే తీసింది. చైత్రం, బాగుంది. వైశాఖం, బాగుంది. వేలితో మీటితే ఖంగుమంటున్నాయి. పన్నెండూ వచ్చాయి. పగిలింది పైన కప్పిన పాత కుండపెంకుల్లో ఒకటి. పదమూడోది బూడిదలో ఒక పక్కకి ఒరిగి ఉంది, అలిగి ముఖం తిప్పుకున్న పిల్లలాగ. వంకర వంకరే, బీట మాత్రం లేదు.

మీనాకుమారి స్వయంగా కారులో వచ్చింది. గిన్నెలు ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని చదువుకుంది. లోపల చెయ్యి పెట్టి చూసింది. బుట్టలోకి సర్దాక గూట్లో ఉన్న వంకరదాని మీద పడింది ఆవిడ కన్ను. "అదేంటండీ? భలే ముచ్చటగా ఉందే! ఇప్పుడిలాంటివే అడుగుతున్నారండి మా పిల్లలు. దాని మీద ఏ నెలా లేదేం?"

"అది అధికమాసమండి," అంది దుర్గ. "అమ్మేది కాదండి."

ఆ మధ్యాహ్నం చాప వేసుకుని పడుకుంది. వెనక గదిలో ఇప్పుడు తడిమట్టి వాసన లేదు. నిద్ర పట్టింది. కలలో గుమ్మం ఉంది, గుమ్మం అవతల మంచు ఉంది, తలుపు తెరిచే ఉంది. ఎవరూ రాలేదు. సారె చప్పుడు కూడా లేదు. లేచాక కడుపారా ఏడ్చింది, ఇంక ఆపుకునే పని లేదు కాబట్టి.

ఆ సాయంత్రం పాలు కాచి, వంకర గిన్నెలో తోడు వేసింది. ఒకవైపు అంచు పల్లం కదా, నిండా పడితే ఒలికిపోతాయి, సగమే పోసింది. పొద్దుటికి గడ్డపెరుగు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, అందులోనే అన్నం వేసుకుని కలుపుకుంది. ఒక్క మనిషికి సరిపోయింది.

తినడం అయిపోయాక గిన్నె ఊడ్చుకుంటుంటే వేళ్ళు వాటంతటవే గీతల్లో పడ్డాయి. అడుగున బొటనవేలి గుంట, అక్కణ్ణించి చుట్టు మీద చుట్టు. ఆయన చెయ్యి తిరిగిన వైపే ఆమె చెయ్యీ తిరిగింది. ఒకచోట గీత నున్నగా మాయమైంది, ఆ వెంటనే పల్లాలు తగిలాయి. తన వేళ్ళే, ఆ రోజు లేపబోయి దిగబడిన ముద్రలు. అవి దాటగానే మళ్ళీ ఆయన గీత. ఇంకోసారి తిప్పింది. ఇంకోసారి. గిన్నెలో ఒక్క మెతుకు లేదు.

గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి, ఎంగిలి చెయ్యి గాల్లో వేలాడేసుకుని అలాగే కూర్చుంది. ఎంతసేపయిందో తెలియదు.

"ఏంటే ఆ కూచోడం? చెయ్యెండిపోతోంది, కడుక్కోవూ?" ఎదురరుగు మీంచి కేకేసింది చిట్టెమ్మ. కేకేసి, మరదలు కూర్చున్న తీరు చూసి, నోరు మూసుకుంది.

"ఇదిగో వదినా, అయిపోయింది," అంది దుర్గ. లేచి గోలెం దగ్గరికెళ్ళి, చెంబుడు నీళ్ళు ముంచుకుని చెయ్యి కడుక్కుంది.